కారు ఏసీలో గ్యాస్ "అయిపోదు": ఇంట్లోనే లీక్ పట్టుకుని రీఛార్జ్ చేసిన పూర్తి కథ

మనం ఎప్పుడూ మాట్లాడుకునేది ఫోన్లు, ఇయర్‌బడ్స్, ల్యాప్‌టాప్‌ల గురించి. ఈసారి కొంచెం పెద్ద గ్యాడ్జెట్ గురించి చెప్తాను. దీనికి స్పెక్ షీట్ ఉంది, సెన్సర్లు ఉన్నాయి, థర్మల్ లిమిట్స్ కూడా ఉన్నాయి. కానీ రివ్యూ ఎవరూ రాయరు. అదే కారు ఏసీ.

మా ఇల్లు రామంతాపూర్‌లో. ఆఫీసు పోచారం వైపు. అంటే రోజూ ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి, ఏళ్ల తరబడి సాగుతున్న నారపల్లి ఫ్లైఓవర్ పనుల పక్క నుంచి వెళ్లాలి. ఆ దుమ్ములో కిటికీ అద్దం దించే పరిస్థితి లేదు. కారేమో 2013 మోడల్ చిన్న హ్యాచ్‌బ్యాక్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. కొన్న దగ్గర నుంచి ప్రతి ఏప్రిల్‌లో ఒకటే సీన్. ఏసీ చల్లగా రాదు, దగ్గర్లో ఏదో ఒక షాపుకి వెళ్తాం, "గ్యాస్ అయిపోయింది తమ్మీ, టాప్ అప్ చేస్తే అయిపోతది" అంటారు. పావుగంట పని. మొదటిసారి 1,200, తర్వాత రెండుసార్లు 1,500 చొప్పున ఇచ్చాను. మూడు సమ్మర్లు అలా గడిచాయి.

పోయిన సంవత్సరం మే నెలలో నాయనమ్మను కంటి చెకప్‌కి తీసుకెళ్లి తిరిగి వస్తున్నాను. మధ్యాహ్నం రెండు. ఉప్పల్ దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. ఏసీ నుంచి వచ్చేది ఫ్యాన్ గాలి మాత్రమే. వెనక సీట్లో నాయనమ్మ మాట్లాడటం ఆపేసింది. అద్దంలో చూస్తే తల పక్కకి వాల్చి ఉంది. "కళ్లు తిరుగుతున్నయ్ రా" అంది నెమ్మదిగా. మెట్రో పిల్లర్ల నీడలో పక్కకి ఆపి, మెడికల్ షాపులో ఓఆర్ఎస్ తెచ్చి తాగించి, అరగంట అయ్యాక ఆటోలో ఇంటికి పంపాను. ఏమీ కాలేదు. కానీ ఆ అరగంట నాకు ఇంకా గుర్తుంది.

నాలుగోసారి టాప్ అప్ చేయించకుండా, అసలు విషయం ఏంటో చూద్దామని ఆ రాత్రే డిసైడ్ అయ్యాను. బగ్ ఎక్కడుందో చూడకుండా ప్రతి సంవత్సరం సర్వర్ రీస్టార్ట్ చేస్తే మా టీమ్ లీడ్ ఊరుకుంటాడా?

ముందు ఒక్క విషయం క్లియర్‌గా

కారు ఏసీలో గ్యాస్ పెట్రోల్ లాంటిది కాదు. ఖర్చు అవ్వదు. అది ఒక మూసేసిన లూప్. కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కుతుంది, అది వేడెక్కుతుంది. కారు ముందు భాగంలో రేడియేటర్ ముందు ఉండే కండెన్సర్‌లో ఆ వేడి బయటికి పోయి గ్యాస్ లిక్విడ్ అవుతుంది. ఆ లిక్విడ్ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే సన్నని దారి గుండా ఒక్కసారిగా తక్కువ ప్రెజర్‌లోకి వచ్చి, డ్యాష్‌బోర్డ్ వెనక ఉన్న ఎవాపరేటర్‌లో మరుగుతుంది. మరగడానికి కావాల్సిన వేడిని మన క్యాబిన్ గాలి నుంచి లాక్కుంటుంది. మళ్లీ కంప్రెసర్ దగ్గరికి. ఫోన్లలో వేపర్ ఛాంబర్ కూలింగ్ గురించి చదివారు కదా, మరిగి చల్లబడే ఆ ఐడియాకే ఇక్కడ ఒక పంపు తోడైంది.

కాబట్టి గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే. పదేళ్లలో రబ్బరు హోస్‌ల నుంచి, సీల్స్ నుంచి కొంచెం కొంచెం పోవడం మామూలే. ప్రతి సంవత్సరం అయిపోతోందంటే మాత్రం అది మామూలు కాదు. లీక్ చూడకుండా టాప్ అప్ చేయించుకోవడం అంటే పంక్చర్ వేయించకుండా రోజూ గాలి కొట్టించుకోవడమే.

పాత కార్లలో ఆర్12 అనే గ్యాస్ వాడేవారు. ఓజోన్ పొరకి చిల్లు పెడుతోందని 1987 మాంట్రియల్ ఒప్పందం తర్వాత దాన్ని తీసేశారు. 90లలో దాని స్థానంలో ఆర్134ఏ వచ్చింది. మనకి దగ్గరి సంగతి ఏంటంటే, ఈ ఆర్134ఏ తయారీ పద్ధతుల మీద మన తార్నాకలోని ఐఐసీటీలో పరిశోధన జరిగింది, సీఎస్ఐఆర్ పేరు మీద పేటెంట్లు కూడా ఉన్నాయి. రోజూ ఆ గేటు ముందు నుంచి వెళ్లేవాళ్లలో ఎంతమందికి తెలుసో!

ఆర్134ఏ ఓజోన్‌ని ఏమీ చేయదు. కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,430 రెట్లు బలమైనది. మా కారులో పట్టేది 400 గ్రాములు. అది మొత్తం గాల్లోకి వదిలితే 570 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, అంటే సుమారు 250 లీటర్ల పెట్రోల్ కాల్చినంత. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్లీ వస్తుంది.

గ్యాస్‌ని అనుమానించే ముందు

రూపాయి ఖర్చు లేకుండా చేసే చెక్స్ ఇవి. నిజానికి చాలా కార్లలో ప్రాబ్లమ్ ఇక్కడే దొరుకుతుంది.

300 రూపాయల డిజిటల్ ప్రోబ్ థర్మామీటర్ ఒకటి కొనండి. మధ్య వెంట్‌లో గుచ్చి, ఏసీ ఫుల్, బ్లోయర్ మీడియం, రీసర్క్యులేషన్ ఆన్ చేసి, నీడలో ఇంజిన్ 1,500 ఆర్‌పీఎం దగ్గర పది నిమిషాలు ఉంచి రీడింగ్ రాసుకోండి. "చల్లగా లేదు" అనేది ఫీలింగ్, "19 డిగ్రీలు" అనేది డేటా. బయట 34 ఉన్న రోజు మా కారులో వచ్చింది సరిగ్గా ఆ 19.

తర్వాత, ఏసీ ఎప్పుడు బాగుంటోంది, ఎప్పుడు ఉండట్లేదు అని గమనించండి. ఓఆర్ఆర్ మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తోందంటే గ్యాస్ కంటే ముందు కండెన్సర్ ఫ్యాన్‌ని అనుమానించాలి. స్పీడ్‌లో వెళ్తుంటే గాలి దానంతటదే కండెన్సర్‌ని చల్లబరుస్తుంది, ఆగితే ఫ్యానే గతి. బానెట్ ఎత్తి, ఏసీ ఆన్ చేసి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే ఫ్యూజ్, రిలే చూడాలి. అదే రేటింగ్ ఉన్న ఇంకో రిలేతో మార్చి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. గాలి చల్లగానే ఉంది కానీ తక్కువగా వస్తోందంటే క్యాబిన్ ఫిల్టర్. మా కారులో గ్లవ్ బాక్స్ వెనక నుంచి దాన్ని బయటికి తీస్తే ఫ్లైఓవర్ సగం అందులోనే ఉంది! కండెన్సర్ రెక్కల మధ్య కూడా అదే దుమ్ము, దోమలు, ఎండుటాకులు. ఇంజిన్ చల్లారాక మామూలు పైపు నీళ్లతో కడిగితే చాలు. బైక్ వాషింగ్ షాపులో ప్రెజర్ గన్ దగ్గరగా పెట్టి కొట్టించకండి, ఆ సన్నని అల్యూమినియం రెక్కలు వంగిపోతాయి.

ఫిల్టర్ మార్చి, కండెన్సర్ కడిగాక 19 కాస్తా 17 అయింది. బెటర్, కానీ సరిపోదు. పైగా ఇంకో క్లూ దొరికింది. కంప్రెసర్ క్లచ్ టక్కుమని పట్టుకుంటోంది, నాలుగైదు సెకన్లకే వదిలేస్తోంది, మళ్లీ పట్టుకుంటోంది. గ్యాస్ తక్కువైతే లో ప్రెజర్ స్విచ్ కంప్రెసర్‌ని కాపాడటానికి ఇలా కట్ చేస్తుంది. ఇప్పుడు గ్యాస్ వైపు చూడాలి.

గేజ్ చెప్పేది, చెప్పనిది

మానిఫోల్డ్ గేజ్ సెట్ అంటే నీలం, ఎరుపు రెండు మీటర్లు, మూడు హోస్‌లు ఉండేది. నీలం లో సైడ్‌కి, ఎరుపు హై సైడ్‌కి, మధ్యలోని పసుపు హోస్ పంపుకో గ్యాస్ క్యాన్‌కో. ఆర్134ఏ కార్లకి క్విక్ కప్లర్లు ఉంటాయి. లో సైడ్, హై సైడ్ సైజులు వేరు కాబట్టి పొరపాటున తారుమారుగా పెట్టలేం. మంచి డిజైన్, యూఎస్‌బీ-ఏ కనెక్టర్ కనిపెట్టినవాళ్లు చూసి నేర్చుకోవాల్సింది.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఇంజిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు గేజ్ పెడితే నాకు రెండు వైపులా 100 పీఎస్ఐ దగ్గర చూపించింది. "గ్యాస్ ఫుల్‌గా ఉంది కదా" అనిపించింది. కాదు! లోపల కొంచెమైనా లిక్విడ్ మిగిలి ఉన్నంతసేపు ఆ ప్రెజర్ ఎంత గ్యాస్ ఉందో చెప్పదు, ఎంత వేడిగా ఉందో చెప్తుంది అంతే. 30 డిగ్రీలకి ఆర్134ఏ ప్రెజర్ దాదాపు 97 పీఎస్ఐ, 40 డిగ్రీలకి దాదాపు 133. లోపల 400 గ్రాములున్నా, 150 గ్రాములున్నా అదే నంబర్.

వంటగ్యాస్ సిలిండర్ గుర్తు తెచ్చుకోండి. స్టవ్ మంట చివరి రోజు దాకా బాగానే వస్తుంది, ఎంత మిగిలిందో తెలియాలంటే అమ్మ సిలిండర్ ఎత్తి చూస్తుంది. అంటే బరువు చూస్తుంది. కారు ఏసీ కూడా అంతే. గ్యాస్ ఎంత ఉందనేది గ్రాముల్లో తప్ప పీఎస్ఐలో తెలియదు. బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉండేది కూడా గ్రాములే.

ఇంజిన్ ఆన్ చేసి చూస్తే గేజ్ కొంచెం ఉపయోగపడుతుంది. లో సైడ్ 15 పీఎస్ఐ, హై సైడ్ 120 మధ్య ఊగాయి. మామూలుగా అలాంటి ఎండలో లో సైడ్ 30 నుంచి 40, హై సైడ్ 200 అటూఇటూ ఉండాలి. రెండూ తక్కువగా ఉన్నాయంటే గ్యాస్ తక్కువ. లో సైడ్ ఎక్కువగా, హై సైడ్ తక్కువగా ఉంటే కంప్రెసర్ నీరసపడింది. రెండూ ఎక్కువగా ఉంటే ఓవర్‌ఛార్జ్, లేదా కండెన్సర్‌కి గాలి తగలట్లేదు.

లీక్ వేట

గ్యాస్ కంటికి కనపడదు, కానీ తనతో పాటు కంప్రెసర్ ఆయిల్‌ని మోసుకెళ్తుంది. లీక్ ఉన్నచోట జిడ్డు, ఆ జిడ్డు మీద దుమ్ము అంటుకుంటాయి. కాబట్టి మొదటి టూల్ మన కళ్లే. పైపు జాయింట్లు, కండెన్సర్ మూలలు, కంప్రెసర్ ముందు భాగం టార్చ్ వేసి చూశాను. జిడ్డు కనిపించింది, కానీ నేను అనుకోని చోట: లో సైడ్ సర్వీస్ పోర్ట్ చుట్టూ.

డిష్‌వాష్ లిక్విడ్ కొంచెం నీళ్లలో కలిపి బ్రష్‌తో రాశాను. ఇక్కడ ఒక చిన్న ట్రిక్ ఉంది. లో సైడ్ లీక్ వెతికేటప్పుడు ఇంజిన్ ఆఫ్‌లో ఉండాలి. ఏసీ నడుస్తుంటే అక్కడ 15 నుంచి 30 పీఎస్ఐ ఉంటుంది, ఆపేసి పది నిమిషాలు ఆగితే రెండు వైపులా సమానమై 100కి ఎక్కుతుంది. ప్రెజర్ ఎక్కువైతే బుడగ త్వరగా వస్తుంది. హై సైడ్ పైపులకి దీనికి రివర్స్: ఏసీ నడిపి ఆపిన వెంటనే చూడాలి.

రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత పోర్ట్ మధ్యలో సబ్బు నురుగు మెల్లగా ఉబ్బింది. ఆవగింజంత బుడగ, తర్వాత శనగగింజంత, తర్వాత పగిలింది. మళ్లీ ఇంకోటి.

సైకిల్ ట్యూబ్ వాల్వ్ లాగే ఆ పోర్ట్ లోపల ఒక చిన్న వాల్వ్ కోర్ ఉంటుంది. టాప్ అప్ చేసిన ప్రతిసారి దాన్ని నొక్కి గ్యాస్ ఎక్కిస్తారు. మా కారులో ఆ కోర్ సీల్ అరిగిపోయింది. పైన ఉండాల్సిన నీలం ప్లాస్టిక్ క్యాప్ కూడా లేదు. ఆ క్యాప్ దుమ్ము పడకుండా పెట్టిన మూత అని చాలామంది అనుకుంటారు. కానీ దాని లోపల ఒక ఓ-రింగ్ ఉంటుంది. కోర్ కొంచెం కారినా గ్యాస్‌ని ఆపేది అదే. మొదటి సమ్మర్లో ఎవరో విప్పి పక్కన పెట్టి మర్చిపోయి ఉంటారు. నేనూ చూడలేదు. గ్యాస్ ఎక్కించిన దారిలోనే గ్యాస్ పోతోంది, మూడేళ్లుగా నేను డబ్బులిచ్చి నింపిస్తున్నాను!

అందరికీ ఇంత ఈజీగా దొరకదు. ఎవాపరేటర్ లీక్ అయితే డ్యాష్‌బోర్డ్ మొత్తం విప్పాలి, అది ఇంట్లో చేసే పని కాదు. దాన్ని అనుమానిస్తే కారు కింద నీళ్లు కారే డ్రెయిన్ పైపు దగ్గర ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ పెట్టి చూస్తారు. ఈ గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి డిటెక్టర్‌ని ఎప్పుడూ జాయింట్ కింద పట్టుకోవాలి, పైన కాదు.

డాలస్ బావ సలహా

ఇది విని డాలస్‌లో ఉండే మా బావ నవ్వాడు. "ఇక్కడైతే సూపర్‌మార్కెట్‌లో క్యాన్ దొరుకుతుంది రా, మీటర్‌తో సహా. లో సైడ్‌కి తగిలించి, ముల్లు గ్రీన్‌లోకి రాగానే ఆపేయడమే. పది నిమిషాలు." నిజమే, అమెరికాలో 12 ఔన్సుల క్యాన్లు ఎవరైనా కొనుక్కోవచ్చు. సెల్ఫ్ సీలింగ్ వాల్వ్ ఉండాలనే రూల్ 2018 నుంచి ఉంది. మన దగ్గర కూడా 450 గ్రాముల క్యాన్లు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

కానీ బావ పద్ధతికీ మా ఊరి టాప్ అప్‌కీ తేడా ఏముంది? రెండూ ప్రెజర్ చూసి నింపడమే. లోపల ఎంత ఉందో తెలియకుండా ఎంత ఎక్కించాలో ఎలా తెలుస్తుంది? ఎక్కువైతే కూలింగ్ పెరగదు, తగ్గుతుంది. హై సైడ్ ప్రెజర్ పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది. పైగా కొన్ని క్యాన్లలో లీక్ మూసే సీలెంట్ కూడా కలిపి అమ్ముతారు. అది లీక్‌తో పాటు ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ని కూడా మూసేయొచ్చు. తర్వాత ఏ వర్క్‌షాప్‌కి వెళ్లినా తమ రికవరీ మెషీన్ పాడవుతుందని ముట్టుకోరు. సీలెంట్ ఉన్న క్యాన్ ఫ్రీగా ఇచ్చినా వద్దు.

వాల్వ్ కోర్ మార్చాలంటే ముందు లోపలి గ్యాస్ ఖాళీ చేయాలి. స్క్రూడ్రైవర్‌తో పిన్ నొక్కితే "తుస్" మని రెండు నిమిషాల్లో పోతుంది, చాలా చోట్ల చేసేది అదే. పైన చెప్పిన 250 లీటర్ల పెట్రోల్ లెక్క గుర్తుందా? అదొక కారణం. రెండోది, బయటికి దూకే లిక్విడ్ చర్మాన్ని, కంటిని గడ్డకట్టించగలదు. మామూలు గాలి ప్రెజర్‌లో ఆర్134ఏ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. మూడోది, మా లాంటి అపార్ట్‌మెంట్ సెల్లార్లో వదిలితే అది బరువుగా కిందే పేరుకుని గాలిని పక్కకి తోసేస్తుంది. దగ్గర్లో మంట ఉంటే విషవాయువుగా కూడా మారుతుంది.

అందుకే ఈ ఒక్క పని బయట చేయించాను. నాచారం వైపు రికవరీ మెషీన్ ఉన్న ఒక వర్క్‌షాప్ దొరికింది. మెషీన్ గ్యాస్ పీల్చుకుని తూకం చూపించింది: 150 గ్రాములు. ఉండాల్సింది 400. సగం కూడా లేదు, అయినా ఇంజిన్ ఆఫ్‌లో గేజ్ మాత్రం 100 చూపించింది! గ్యాస్‌తో పాటు వచ్చిన ఆయిల్ 5 మిల్లీలీటర్లు. అక్కడే ఆర్134ఏకి సరిపోయే కొత్త వాల్వ్ కోర్, రెండు కొత్త క్యాప్‌లు వేయించాను. మొత్తం 800. లూప్ తెరిచి ఉన్నది కొద్ది నిమిషాలే కాబట్టి డ్రయర్ మార్చలేదు. రోజుల తరబడి తెరిచి ఉంటే మాత్రం డ్రయర్ కచ్చితంగా మార్చాలి, దానిలోని తేమ పీల్చే గుణం అయిపోతుంది.

ఆదివారం ఉదయం ఆరు గంటలు

మిగతాది ఇంట్లో. మా వీధిలో ఇళ్ల ఏసీలు ఫిట్ చేసే అన్న ఒకాయన వాక్యూమ్ పంపు ఇచ్చాడు. గేజ్‌లు కూడా ఇస్తానన్నాడు కానీ తీసుకోలేదు. అవి వేరే గ్యాస్‌లకి వాడినవి, హోస్‌లలో వేరే ఆయిల్ ఉంటుంది, కార్ కప్లర్లు కూడా సెట్ కావు. కారుని సెల్లార్ నుంచి బయటికి తీసి గేటు ముందు పెట్టాను. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. తిరిగే బెల్టు దగ్గర వేలాడే చేతులు, హెడ్‌ఫోన్ వైర్లు వద్దు.

వాక్యూమ్ ఎందుకు? లోపల చేరిన గాలి, తేమ తీసేయడానికి. తేమ ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగడ్డ అవుతుంది, గ్యాస్‌తో కలిసి మెల్లగా యాసిడ్ కూడా తయారు చేస్తుంది. గాలి ప్రెజర్‌ని మామూలులో 5 శాతం కంటే కిందికి దించితే, 30 డిగ్రీల దగ్గరే నీళ్లు మరిగి ఆవిరై పంపులోంచి బయటికి వచ్చేస్తాయి. షాపుల్లో పావుగంట టాప్ అప్‌లో స్కిప్ చేసేది ఈ స్టెప్పే.

పంపు ఆన్ చేశాక గేజ్ ముల్లు 28 ఇంచుల దగ్గర ఆగిపోయింది. వీడియోల్లో అందరికీ 29 దాటి వస్తోంది. ఇంకో లీక్ ఉందేమోనని టెన్షన్ పడ్డాను. అరగంట తర్వాత బల్బు వెలిగింది. ఆ 29.9 అనేది సముద్రమట్టం దగ్గరి లెక్క. హైదరాబాద్ 500 మీటర్లకి పైచిలుకు ఎత్తులో ఉంది, మన గాలి ప్రెజరే సుమారు 28 ఇంచులు. ఉన్నదానికంటే ఎక్కువ తీయలేం కదా! విశాఖలో ఉన్నవాళ్లకి 29 దాటాలి, మనకి 28 అంటే ఫుల్ మార్కులే.

45 నిమిషాలు పంపు నడిపి, వాల్వ్‌లు మూసి, పంపు ఆపి, ఇంకో 30 నిమిషాలు చూశాను. ముల్లు కదల్లేదు. ఇది పాస్ అయినంత మాత్రాన లీక్ అసలే లేదని కాదు. వాక్యూమ్‌లో తేడా 14 పీఎస్ఐ మాత్రమే, ఏసీ నడిచేటప్పుడు 200. వర్క్‌షాప్‌లో నైట్రోజన్‌తో ప్రెజర్ టెస్ట్ చేస్తే ఇంకా నమ్మకం. కంప్రెసర్ గాలితో మాత్రం ఎప్పుడూ టెస్ట్ చేయొద్దు. తేమ వెళ్తుంది, పైగా ఎక్కువ ప్రెజర్‌లో గాలి కలిసిన ఆర్134ఏ అంటుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు గ్యాస్. పోయిన 5 మిల్లీలీటర్లకి బదులు అదే గ్రేడ్ ప్యాగ్ ఆయిల్‌లో యూవీ డై కలిపి ఎక్కించాను. అమ్మ కిచెన్ స్కేల్ మీద 450 గ్రాముల క్యాన్ పెట్టి, పసుపు హోస్ తగిలించి, స్కేల్‌ని జీరో చేశాను. హోస్ లాగితే రీడింగ్ మారిపోతుంది, అందుకే వదులుగా వేలాడేలా కట్టాలి. క్యాన్ ట్యాప్ తెరిచాక, పసుపు హోస్‌లోని గాలి పోవడానికి మానిఫోల్డ్ దగ్గర నట్ ఒక్క క్షణం వదులు చేసి బిగించాలి. తర్వాత నీలం వాల్వ్ తెరిస్తే, లోపల వాక్యూమ్ ఉంది కాబట్టి ఇంజిన్ ఆన్ చేయకుండానే 150 గ్రాముల దాకా అదే లాక్కుంది.

అది ఆగిపోయాక ఇంజిన్ స్టార్ట్, అద్దాలు దించి, ఏసీ ఫుల్, బ్లోయర్ ఫుల్. ఇక్కడి నుంచి ఒక్క రూల్‌ని మాత్రం అస్సలు తప్పొద్దు: ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఎరుపు వాల్వ్ తెరవకూడదు. తెరిస్తే హై సైడ్‌లోని 200 పీఎస్ఐ పైన ప్రెజర్ వెనక్కి పల్చటి రేకు క్యాన్‌లోకి వస్తుంది. క్యాన్ పేలుతుంది. ఈ పనిలో జరిగే ఘోరమైన ప్రమాదం అదే. ఒక్క క్షణం ఆగి ఎరుపు మూసి ఉందని చేత్తో పట్టుకుని చూశాకే స్టార్ట్ చేయండి.

క్యాన్‌ని నిటారుగానే పట్టుకోవాలి. తలకిందులు చేస్తే లిక్విడ్ నేరుగా కంప్రెసర్‌లోకి వెళ్తుంది, లిక్విడ్‌ని నొక్కబోయి అది దెబ్బతింటుంది. మధ్యలో క్యాన్ చల్లబడి, బయట మంచు పట్టి, గ్యాస్ రావడం స్లో అవుతుంది. అప్పుడు గోరువెచ్చని నీళ్ల గిన్నెలో కాసేపు పెట్టి, తుడిచి, మళ్లీ తూచాలి. మరిగే నీళ్లు వద్దు. లైటర్ ఆలోచన అయితే అసలే వద్దు.

స్కేల్ మైనస్ 400 చూపించగానే ఆపేశాను. హోస్‌లో మిగిలే కొన్ని గ్రాములని నేను పట్టించుకోలేదు. లో సైడ్ 33, హై సైడ్ 190 దగ్గర నిలబడ్డాయి. క్లచ్ పదే పదే పడటం ఆగిపోయింది. మళ్లీ బయట 34 ఉన్న టైమ్‌లో అదే టెస్ట్ చేస్తే, వెంట్‌లో థర్మామీటర్ 8 డిగ్రీలు. ముందు 19.

ఖర్చు, ఇంకా ఎవరు ముట్టుకోకూడదు

గేజ్ సెట్ 1,800, క్యాన్, ట్యాప్ కలిపి 900, యూవీ డై, టార్చ్ 700, థర్మామీటర్ 300, వర్క్‌షాప్‌కి 800. మొత్తం 4,500. మూడు టాప్ అప్‌లకి పెట్టింది 4,200. పంపు కూడా కొనాల్సి వస్తే ఒక్క కారు కోసం లెక్క కుదరదు, ఓపెన్‌గా చెప్తున్నాను. నా సలహా: థర్మామీటర్, సబ్బునీళ్లు, ఫిల్టర్, ఫ్యాన్ చెక్ ఇంట్లో చేయండి. గ్యాస్ పని బయట ఇచ్చినా పక్కన నిలబడి, వాక్యూమ్ ఎంతసేపు పెడతారు, ఎన్ని గ్రాములు తూచి ఎక్కిస్తారు అని అడగండి. "గ్రాములేంది తమ్మీ, ప్రెజర్ చూస్తం కదా" అంటే కారు స్టార్ట్ చేసి వచ్చేయండి. వచ్చే ముందు క్యాప్‌లు రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి.

ఈవీ, హైబ్రిడ్ ఉన్నవాళ్లు మాత్రం ఇది ట్రై చేయొద్దు. వాటిలో కంప్రెసర్ హై వోల్టేజ్ మీద నడుస్తుంది, ఆయిల్ కూడా వేరు. మామూలు ప్యాగ్ ఆయిల్ కరెంట్‌ని లీక్ చేసే రకం, కొన్ని చుక్కలు కలిసినా ఇన్సులేషన్ దెబ్బతింటుంది. చాలా ఈవీల్లో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఈ లూపే. అలాగే స్టిక్కర్ మీద ఆర్1234వైఎఫ్ అని ఉంటే ఆగండి. యూరప్‌లో 2017 నుంచి కొత్త కార్లలో ఆర్134ఏ వేయకూడదు కాబట్టి అక్కడ ఎక్కువగా ఈ గ్యాసే వాడుతున్నారు. దీనికి కొంచెం మండే గుణం ఉంది, పోర్టులు వేరు, ఒకదానిలో ఒకటి కలపకూడదు. 2016 కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది, 2032 నుంచి ఇలాంటి గ్యాస్‌ల వాడకం మెట్లమెట్లుగా తగ్గించాలి. కాబట్టి మన కార్లలో కూడా ఈ మార్పు వస్తుంది.

బానెట్ లోపల స్టిక్కర్ పక్కన పర్మనెంట్ మార్కర్‌తో తేదీ, 400 గ్రాములు అని రాశాను. నెలకోసారి వెంట్ టెంపరేచర్ ఒక షీట్‌లో ఎక్కిస్తున్నాను. ఈ ఏప్రిల్‌లో, బయట 36 ఉన్న రోజు, 9 డిగ్రీలు వచ్చింది. నాయనమ్మ వెనక సీట్లో శాలువా కప్పుకుని "జర తగ్గించు రా" అంటోంది.

అయితే పోయిన వారం రాత్రి యూవీ టార్చ్ వేసి చూస్తే వాల్వ్ కోర్ దగ్గర క్లీన్‌గా ఉంది, కానీ కంప్రెసర్ ముందు భాగంలో, పుల్లీ వెనక, గోరంత పచ్చ మెరుపు కనిపించింది. షాఫ్ట్ సీల్ మొదలెట్టిందేమో. తుడిచేసి ఫోటో తీసి పెట్టాను. నెల తర్వాత మళ్లీ టార్చ్ వేసి చూస్తాను.